తల ఊపని గది

ఊరి గుట్టు తెలియాలంటే బజారు చూడమంటారు కొందరు, స్టేషను చూడమంటారు మరికొందరు. నాలుగు దేశాల నీళ్ళు తాగినవాళ్ళు మాత్రం బడి చూడమంటారు. బడిలో కూడా, గెలిచిన కప్పులు అద్దాల బీరువాలో పేర్చిపెట్టే పెద్దసారు గది కాదు. వరండా చిట్టచివర, విరిగిన బెంచీలు పడేసే చోటుకు ఆనుకుని ఒక గది ఉంటుంది చూడండి, అది. అందులో ఎవర్ని కూర్చోబెట్టారో, ఎలా కూర్చోబెట్టారో చూస్తే సగం ఊరు అర్థమైపోతుంది.

ఈ సర్కారు బడిలో ఆ చివరి గది టీచరమ్మది. అసలు వినపడని పిల్లలూ, చెవిమిషను పెట్టుకుంటే కొంత వినపడే పిల్లలూ ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అక్కడే కలిసి చదువుకుంటారు.

ఆ గదిలో బెంచీలు వరసగా ఉండవు. గుర్రపు నాడాలా ఒంపు తిరిగి ఉంటాయి, ఎవరి ముఖం ఎవరికైనా కనపడేలా. కుర్చీల కాళ్ళకు పాత టెన్నిసు బంతులు కోసి బూట్లలాగా తొడిగి ఉంటాయి. కుర్చీ జరిపినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు మనకు చిన్న చికాకు. చెవిమిషను పెట్టుకున్న పిల్లకు నెత్తిన రేకుడబ్బా బోర్లించి కర్రతో బాదినట్టు. మిషనుకు మంచీ చెడ్డా తెలియదు. వచ్చిన చప్పుడునల్లా పెంచి చెవిలో పోస్తుంది. ఇంటర్వెల్ గంటకు బదులు గుమ్మం మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. నల్లబల్ల వెనక ఒకప్పుడు కిటికీ ఉండేది, దాన్ని టీచరమ్మ అట్టలతో మూయించింది. వెలుతురు వెనకనుంచి పడితే ముఖం నల్లబడుతుంది, పెదవులు కనపడవు. పెదవులు కనపడకపోతే ఆ పూటకు బడి మూసేసినట్టే.

గోడమీద ఒక్కటే బోర్డు. స్వయంగా ఆవిడే రంగుతో రాసింది: "ఈ గదిలో తల ఊపరాదు."

ఉమ్మరాదు, పరుగెత్తరాదు, అరవరాదు అనే బోర్డులు లోకంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఈ బోర్డు ఇక్కడ తప్ప ఎక్కడా లేదు. అందుకే స్టాఫ్ రూములో ఆవిడకు 'ఊపొద్దు టీచరు' అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టిన పేరు వేరు. వాళ్ళ చేతిభాషలో మనిషికో గుర్తు ఉంటుంది, అదే ఆ మనిషి పేరు. రెండు చేతులతో తలను ఇటూ అటూ కదలకుండా గట్టిగా పట్టుకుంటే టీచరమ్మ. రెండు పిడికిళ్ళు ముక్కు కింద పెట్టి బయటికి మెలితిప్పితే పెద్దసారు. ఆయన మీసం ఆయనకంటే ముందే గదిలోకి వస్తుంది మరి.

తలమీద ఆవిడకు ఎందుకంత పగ అంటే, దాని వెనక తమ్ముడున్నాడు.

వాళ్ళ నాన్న వడ్రంగి. తమ్ముడికి పసితనంలో జ్వరం వచ్చి, తగ్గుతూ తగ్గుతూ వినికిడిని కూడా వెంటపెట్టుకుపోయింది. అయినా పిల్లవాణ్ణి మామూలు బడికే పంపారు. చివరి బెంచీలో కూర్చునేవాడు. వాడికి పాఠం తెలియలేదు గానీ, పాఠం చివర ఏం జరుగుతుందో మాత్రం తెలిసిపోయింది. మాస్టారి పెదవులు ఆగుతాయి, కనుబొమలు పైకి లేస్తాయి, అప్పుడు అందరి తలలూ ఊగుతాయి. వాడూ ఊపాడు. మాస్టారు మురిసిపోయి వీపు తట్టారు. ఇంత సులువైన విద్య ఇంకెక్కడుంది? ఇంట్లో ఊపాడు, వీధిలో ఊపాడు, డాక్టరు దగ్గర ఊపాడు. "వినపడకపోతేనేం, బంగారంలాంటి బుద్ధి" అని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూనే ఒక్కో తరగతీ పైకి తోసేసింది.

ఒకనాడు అక్క పక్కన కూర్చుని అడిగింది. "ఇవాళ పాఠం అర్థమైందా?" ఊపాడు. "లెక్క వచ్చా?" ఊపాడు. ఆమెకేదో అనుమానం తగిలింది. ముఖం ఏమాత్రం మార్చకుండా, కనుబొమలు అలాగే పైకెత్తి, "నువ్వు ఏనుగువా?" అంది.

ఊపాడు. ఎంతో వినయంగా.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. వాడు అది కూడా చూసి, ఏం చెయ్యాలో తెలియక, మళ్ళీ ఊపాడు.

తమ్ముడు తర్వాత బడి మానేసి నాన్న పనిబల్ల దగ్గర చేరాడు. చెక్క దగ్గర తల ఊపితే కుదరదు. కొలత తప్పితే తలుపు పట్టదు, అంతే. అక్కడే వాడికి నిజమైన చదువు దొరికింది. పెద్దవాడై, చేతిభాష నేర్చిన స్నేహితులు దొరికాక, వాడు మాట్లాడటం మొదలుపెడితే ఆపడానికి చేతులు పట్టుకోవాల్సి వచ్చేది. ఇవాళ్టికీ ఊళ్ళో మంచి తలుపు కావాలంటే వాడి కొట్టుకే వెళ్తారు. చివరి గదిలో ఒంపు బెంచీలు వాడు చేసినవే.

అక్క పంతులమ్మ అయ్యింది. మామూలు శిక్షణ ముగిశాక, బధిరుల చదువు కోసం మళ్ళీ శిక్షణకు వెళ్ళింది. తిరిగొచ్చి, ఎవరూ అడగని ఆ చివరి గదిని అడిగి మరీ తీసుకుంది. "ఏం తప్పు చేశావమ్మా, అక్కడ వేశారు?" అని జాలిపడ్డారు తోటివాళ్ళు. లెక్కల మాస్టారైతే ఆ రోజే సామెత విసిరాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదండీ మీ ఉద్యోగం!"

"సామెత సగంలో ఆపేశారేం మాస్టారూ? ఊదితే ఏమన్నాడట?"

"ఏమన్నాడు... 'ఎందుకలా కొరుకుతున్నావు?' అన్నాడట."

"చూశారా, అడిగాడు! తెలియనిది తెలియలేదని ఎదురుగా అడిగాడు. ఊదినవాడు బదులు చెప్పాడో లేదో సామెతలో లేదు. నా ఉద్యోగమల్లా, నా పిల్లలు అలా అడిగేటట్టు చెయ్యడమే."

లెక్కల మాస్టారు అర్థమైనట్టు తల ఊపాడు. టీచరమ్మ ఏమీ అనలేదు, అది స్టాఫ్ రూము కాబట్టి.

ఆవిడ పొద్దుటి పని చూసితీరాలి. చేతికుట్టుకు వాడే గుండ్రటి చట్రం ఒకటి ఉంది ఆవిడ దగ్గర, పల్చటి నల్లగుడ్డ బిగించి. మిషను ఉన్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నిలబడతారు. ఆవిడ చట్రాన్ని నోటికి అడ్డం పెట్టుకుని 'ఆ' అంటుంది, 'ఊ' అంటుంది, 'ఈ' అంటుంది, 'మ్' అంటుంది, పళ్ళ మధ్యనుంచి గాలి వదిలినట్టు 'ష్', 'స్' అంటుంది. పిల్లలు అదే తిరిగి అనాలి. చేత్తో నోరు మూసుకుంటే ధ్వని మారిపోతుంది, గుడ్డలోంచైతే అలాగే వస్తుంది. పెదవులు మాత్రం కనపడవు. ఏ చప్పుడు ఎగిరిపోయిందో చూస్తే చాలు, బ్యాటరీ అయిపోయిందా, మిషను గొట్టంలో చెమ్మ చేరిందా, పిల్లకు జలుబు చేసిందా, ఇట్టే తెలిసిపోతుంది. మనం వీణకు శ్రుతి చూసుకున్నట్టు ఆవిడ పిల్లలకు శ్రుతి చూస్తుంది. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ శ్రుతికి దొరక్కుండా తప్పించుకోవాలని చూసిన మొనగత్తె ఒకతె ఉంది. దాన్నే అందరూ 'మిరియం' అంటారు. గుప్పెడంత పిల్ల, ఘాటు బస్తాడు. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పని. తీసుకొచ్చేదీ తీసుకెళ్ళేదీ అమ్మమ్మే. మిరియానికి మిషను పెడితే మాటలు చాలావరకు అందుతాయి, మిగతాది పెదవులు చూసి పూరించుకుంటుంది, అదీ కుదరకపోతే చేతులున్నాయి. వచ్చిన కొత్తలో అదీ తలూపుడు తల్లే. బ్యాటరీ అయిపోయినా చెప్పకుండా రోజంతా ఊపుతూ కూర్చునేది, గంగిరెద్దులా. ఒక పొద్దున టీచరమ్మ చట్రం వెనకనుంచి అసలు ఏ చప్పుడూ చెయ్యకుండా ఊరికే నిలబడింది. మిరియం ధీమాగా "ఆ!" అంది. గదంతా చప్పట్లకు బదులు చేతులు గాల్లో తిప్పుతూ నవ్వింది.

టీచరమ్మ నవ్వలేదు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మాటా చేయీ కలిపి చెప్పింది. "నీకు వినపడకపోవడం తప్పు కాదు. వినపడిందని చెప్పడం తప్పు. 'అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అను. ఎన్నిసార్లయినా అను. విసుక్కునేది నేనైతే తప్పు నాది."

ఆ మాట చెప్పడం ఎంత కష్టమో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. సభల్లో, కచేరీల్లో, పెళ్ళిచూపుల్లో, ఎక్కడ చూసినా తలలే ఊగుతుంటాయి. మహారాజుల కొలువుల్లో తల ఊపక తల పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఊపి రాజ్యమే పోగొట్టినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. అంతటి జబ్బును ఓ చివరి గదిలో ఓ పంతులమ్మ పిల్లల మెడల్లోంచి రోజుకింత చొప్పున పీకేస్తూ వచ్చింది. మిరియానికి ఆ జబ్బు వదలడానికి చాలాకాలం పట్టింది. వదిలాక మాత్రం, ఇంటికెళ్ళి టీవీలో వార్తలు చదివేవాణ్ణి కూడా "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అని నిలదీసేదట.

అలా ఐదో తరగతి ముగిసింది. చిక్కు అక్కడే వచ్చింది.

చివరి గది ఐదుతో ఆఖరు. ఆపైన రెండే దారులు: అదే బడిలో ఆరో తరగతిలో అందరితో కలిసి కూర్చోవడం, లేదా దూరపు పట్నంలో బధిరుల హాస్టలు బడి. అది మంచి బడే. అక్కడ చదివి పైకొచ్చినవాళ్ళు బోలెడుమంది. కానీ మిరియం అమ్మమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. "దూరం పంపేది లేదు. నా చెయ్యి పట్టుకోకపోతే నిద్రపోదది. ఇక్కడ కాదంటే ఇంట్లోనే ఉంటుంది. బట్టలు మడతపెడుతుంది నాతోపాటు." అంటే ఆరో తరగతిలో చోటు దొరక్కపోతే మిరియం చదువుకు అక్కడితో మంగళం.

చోటు ఇవ్వాలో వద్దో తేల్చేది పెద్దసారు. ఆయన చెడ్డవాడేం కాదు. పాఠమంటే ప్రాణం, గొంతు ఉరుము. "ఒక్క పీరియడు ఆరో తరగతిలో కూర్చోబెట్టండి, పాఠం నేనే చెప్తాను. పాఠం అందుకుంటే సరే. లేకపోతే పిల్లను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు" అన్నాడు. న్యాయంగానే ఉంది మాట.

ముందురోజు సాయంత్రం గేటు దగ్గర అమ్మమ్మ టీచరమ్మను ఆపింది.

"టీచరమ్మా, ఒక్క మాట. రేపొక్క గంట దాన్ని తల ఊపనియ్యి తల్లీ."

"అదేంటమ్మా..."

"పోయేదేముంది? ఆయన 'అర్థమైందా' అంటాడు, ఇది ఊపుతుంది, ఆయన సంతకం పెడతాడు. లోకమంతా అలాగే నడవడం లేదూ? మా అల్లుడున్నాడు, నేనేం చెప్పినా బుద్ధిగా ఊపుతాడు, ఒక్కటీ చెయ్యడు. అయినా సంసారం సాగడం లేదా?"

టీచరమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయింది. అమ్మమ్మ మాటలో నిజముంది. ఊపితే గట్టెక్కుతుంది. "అర్థం కాలేదు" అందంటే, ఆ ఒక్క మాటే పట్టుకుని ఇంటికి పంపేయవచ్చు. తను ఇన్నాళ్ళూ నేర్పిందే రేపు పిల్ల కాళ్ళకు అడ్డం పడేలా ఉంది. "చూద్దాంలే అమ్మా" అని వచ్చేసింది. ఆ 'చూద్దాం' కూడా ఒక రకం తల ఊపడమేనని దారిలో తట్టింది.

తమ్ముడి కొట్టు దగ్గర ఆగింది. వాడు చిత్రిక పడుతున్నాడు, పాదాల దగ్గర చెక్కపొట్టు కుప్పపడి ఉంది. అక్క ముఖం చూసి చిత్రిక పక్కన పెట్టాడు. ఆమె చేతులతో అంతా చెప్పింది: పెద్దసారు, పీరియడు, అమ్మమ్మ, ఒక్క గంట ఊపితే పోయేదేముందన్న మాట.

వాడు చేతులమీది పొట్టు దులుపుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ముక్కు ముందు వేలాడేసి తొండంలా ఊపుతూ, కనుబొమలు పైకెత్తి, ఎంతో వినయంగా తలాడించాడు.

ఏనుగు.

అక్క ఫక్కున నవ్వింది. ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు.

పొద్దున చట్రం పట్టుకుని మిరియానికి శ్రుతి చూసింది. కొత్త బ్యాటరీ వేసింది. "సారు ముఖం కనపడేచోట కూర్చో" అని మాత్రం చెప్పింది. ఊపమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పిల్లను నమ్మడమంటే అదే.

ఆరో తరగతి గది కిక్కిరిసి ఉంది. మిరియం ముందు బెంచీలో, టీచరమ్మ వెనక గోడకు ఆనుకుని. పెద్దసారు సూర్యగ్రహణం పాఠం ఎత్తుకున్నాడు. బొమ్మలు గీయడంలో దిట్ట. సూర్యుడు, చంద్రుడు, భూమి గుండ్రంగా కుదిరాయి. కుదిరినంతసేపూ ఆయన నల్లబల్ల వైపే తిరిగి మాట్లాడాడు. ఇటు తిరిగినప్పుడు మాట్లాడింది మీసం. గీతలన్నీ గీసి, చేతులు దులుపుకుని, "అర్థమైందా?" అన్నాడు.

గాలికి వరిచేను ఊగినట్టు గదంతా తలలు ఊగాయి. ముందు బెంచీలో ఒక్క తల నిలబడి ఉంది. చెయ్యి లేచింది.

"అర్థం కాలేదు సార్. మళ్ళీ చెప్పండి."

పెద్దసారు తల పంకించి మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా అరిచి. వినపడనివాళ్ళతో అందరూ చేసే పనే అది. అరిస్తే నోరు వంకరపోతుంది, పెదవుల మాట చెదిరిపోతుంది, మిషనులో ఉరుములు మోగుతాయి. మిరియం ముఖం చిట్లించింది.

"అర్థం కాలేదు సార్."

వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. మూడోసారి కూడా అదే మాట అనేసరికి ఎవరో పైకే నవ్వారు. టీచరమ్మ గోడకు మరికాస్త అతుక్కుపోయింది. అయిపోయింది, అనుకుంది. నేనే ముంచాను.

"అమ్మాయ్," అన్నాడు పెద్దసారు, ఓపిక కూడదీసుకుని. "ఏం అర్థం కాలేదో అదైనా చెప్పు."

మిరియం లేచి నిలబడింది. "మీరు బోర్డుకు చెప్పారు సార్. దానికి అర్థమయ్యే ఉంటుంది. నాకు సగమే వచ్చింది. మిగతా సగం మీసంలో ఉండిపోయింది."

గది గొల్లుమంది. పెద్దసారు చెవులు ఎర్రబడ్డాయి. మిరియం మాత్రం నవ్వలేదు. అది వేళాకోళం ఆడలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది.

"వచ్చిన సగంలో కూడా ఒక అనుమానం సార్. సూర్యుడు అంత పెద్దవాడు, చంద్రుడు ఇంతే. ఇంత చిన్నవాడు అంత పెద్దవాణ్ణి ఎలా కప్పేస్తాడు?"

పెద్దసారు అందరికంటే గట్టిగా నవ్విన కుర్రాడి వైపు తిరిగి, "నువ్వు చెప్పరా. నీకు అర్థమైందిగా, మూడుసార్లు ఊపావు" అన్నాడు. వాడు లేచాడు, కిటికీ చూశాడు, కాళ్ళు చూసుకున్నాడు. పెద్దసారు పక్కవాణ్ణి లేపాడు. వాడు ముందువాడి కాళ్ళు చూశాడు. నవ్వులు ఎటుపోయాయో పోయాయి. "ఎవరైనా?" అన్నాడు పెద్దసారు. వరిచేను కోత కోసేసినట్టయింది.

ఆయనకు ఇన్నేళ్ళుగా తన ముందు ఊగిన తలలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. తర్వాత సుద్దముక్క బల్లమీద పెట్టి, నల్లబల్లకు దూరంగా జరిగి, సరిగ్గా మిరియం ఎదుట నిలబడ్డాడు. మీసం రెండు వైపులా వేళ్ళతో పైకి తొలగించి పట్టుకున్నాడు. అలాగే, మామూలు గొంతుతో, నెమ్మదిగా చెప్పాడు.

"అందరూ ఒక కన్ను మూయండి. బొటనవేలు కంటికి దగ్గరగా పెట్టుకోండి. కిటికీలోంచి ఆ నీళ్ళట్యాంకు కనపడుతోందా?"

"లేదు సార్!"

"వేలు పెద్దదా, ట్యాంకు పెద్దదా?"

మిరియం కన్ను మూసుకునే కేక పెట్టింది. "దగ్గరగా ఉంది కాబట్టి! చంద్రుడు మనకు దగ్గర!"

ఆ రోజు ఆ గదిలో గ్రహణం అందరికీ ఒకేసారి విడిచింది.

తర్వాత పెద్దసారు గదిలో టీచరమ్మ నిలబడింది. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"మూడుసార్లు అర్థం కాలేదంది."

"అవును సార్."

"తక్కినవాళ్ళు ఒక్కసారి కూడా అనలేదు."

"అవును సార్."

"అయితే వాళ్ళనే ఏ బడికి పంపాలో చెప్పండి."

ఆయన సంతకం గిలికి కాగితం ముందుకు తోశాడు. "ఆరులోనే ఉంటుంది. ఒక్కటి మాత్రం. మీసం జోలికి రావద్దనండి ఆ పిల్లను."

"ఆ మాట మీరే చెప్పాలి సార్, ఎదురుగా నిలబడి. అర్థం కావాలిగా."

తర్వాతి వారం పెద్దసారి పై పెదవి చాలా ఏళ్ళ తర్వాత లోకానికి కనపడింది. మీసం ఉంది గానీ, అంచులు కురచబడ్డాయి. ఏమిటని అడిగినవాళ్ళతో ఎండలు ముదిరాయన్నాడట.

మిరియానికి చోటు దొరికిందన్న కబురు తెలిసిన సాయంత్రమే తమ్ముడు చివరి గదికి వచ్చాడు. మిరియం ఎదురెళ్ళి చేతులతో మొదలెట్టింది. వాళ్ళిద్దరూ చేతిభాషలో పడితే ఆ వేగం ముందు టీచరమ్మ ఎప్పుడూ వెనకే. ఎంత శిక్షణ పొందినా ఆమెది నేర్చిన భాష, వాళ్ళది బతికిన భాష. ఆరో తరగతి గది గురించి ఏదో చెప్తున్నారు. కిటికీ, మధ్యాహ్నం, ఆ తర్వాతిదేదో తప్పిపోయింది. మిరియం చటుక్కున ఆమె వైపు తిరిగి, కనుబొమలెత్తి, ఏదో అడిగింది.

సంతోషంలో ఉన్న టీచరమ్మ నవ్వుతూ తల ఊపింది.

గదిలో చేతులు నాలుగూ ఆగిపోయాయి. మిరియం గోడమీది బోర్డు వైపు వేలు చూపించింది. తమ్ముడు కుడిచెయ్యి ముక్కు ముందు వేలాడేసి తొండం ఊపాడు.

టీచరమ్మ సిగ్గుపడి, రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుంది. తన పేరు తనకే పెట్టుకున్నట్టయింది. తర్వాత చేతులు దించి, నెమ్మదిగా చెప్పింది: "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

మిరియం విసుక్కోలేదు. ఎదురుగా వెలుతురులోకి జరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మధ్యాహ్నం తను మళ్ళీ వెళ్ళి చూసిందట: ఆ వేళకు ఆరో తరగతి గదిలో వెలుతురు సారు వెనకనుంచి పడుతుంది, ముఖం నల్లబడుతుంది, నల్లబల్లను ఎదురుగోడకు మార్చాలి. మార్చడానికి పెద్దసారు ఒప్పుకుంటారా, అని అడిగింది.

తమ్ముడు అప్పటికే జేబులోంచి టేపు తీసి, ఆరో తరగతి గది ఎటో చూపించమని మిరియాన్ని ముందు నడవమన్నాడు.